నికాహ్ ప్రసంగం - ఒక చారిత్రక పరిశీలన

ద్వితీయ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) చెప్పినట్లుగా అరబ్బీ సాహిత్య గ్రంథాలలో ఒక మాట ప్రచారంలో ఉన్నది. నికాహ్ ప్రసంగం తనను కష్టపెట్టినంతగా మరే ప్రసంగమూ కష్టపెట్టదని ఆయన అన్నారట. ఆ వాక్యంలో వాడిన క్రియకు మూలధాతువు ఎత్తు ఎక్కడాన్ని సూచిస్తుంది. నిట్టనిలువు కొండదారిలో మనిషికి ఊపిరి ఎగబీల్చినట్లు ఆ ప్రసంగం తనకు ఆయాసం తెప్పిస్తుందని భావం. రోము, ఈరాన్ సామ్రాజ్యాల సేనలను ఎదుర్కొన్న రాజ్యానికి అధిపతి, మదీనా మస్జిదులో మింబరు మీద నిలబడి జనసమూహాలతో మాట్లాడడం నిత్యకృత్యమైన వ్యక్తి, నలుగురు కూర్చున్న పెళ్ళి సభలో నోరు విప్పడానికి ఎందుకు జంకినట్లు?

ఈ ప్రశ్న మనకంటే చాలా ముందే పుట్టింది. బస్రా నగరానికి చెందిన జాహిజ్ (మరణం హి. 255, క్రీ.శ. 868-69) తన 'అల్ బయాన్ వత్తబ్యీన్' గ్రంథంలో దీనికి రెండు సమాధానాలు నమోదు చేశాడు. మొదటిది ఇబ్నుల్ ముఖఫ్ఫా చెప్పినది. పెళ్ళి సభలో ముఖానికి ముఖం దగ్గరగా ఉంటుంది, కంటిలో కన్ను పెట్టి చూస్తూ మాట్లాడాలి. మింబరు ఎక్కినప్పుడు ఎదుటివారు పాలితులు, పక్కన కూర్చున్నప్పుడు అందరూ సమానులు, కనుక అక్కడ నాలుక తడబడుతుందని ఆయన వివరణ. సభాపిరికితనం గురించి ఇంతకంటే సూక్ష్మంగా చెప్పినవారు అరుదు. అయితే జాహిజ్ మరికొందరి పేరు మీద చెప్పిన రెండవ సమాధానం ఇంకా లోతైనది. నికాహ్ సభలో మాట్లాడేవాడు వరుణ్ణి పొగడక తప్పదు. లేని గుణాలు అతనికి అంటగట్టితే అబద్ధమాడినట్లవుతుంది, నమ్మి పిల్లనిచ్చేవారిని మోసగించినట్లవుతుంది. ఉమర్ (రజి) భయపడింది దీనికేనని వారి అభిప్రాయం.

ఈ రెండవ సమాధానమే ఈ వ్యాసానికి ఆధారం. పాశ్చాత్య దేశాలలో పెళ్ళివిందులో వరుని మిత్రుడు పానపాత్ర పైకెత్తి నాలుగు మాటలు చెప్పే ఆచారం ఉన్నది. ద్రాక్షసారాయంలో కాల్చిన రొట్టెముక్క వేసుకొని తాగే పాత ఇంగ్లీషు అలవాటు నుండి దానికి 'టోస్ట్' అనే పేరు వచ్చింది. మన సమాజంలో పానపాత్రకు చోటు లేదు గాని, మాటకు చోటు మొదటినుండీ ఉన్నది. ఆ మాట ఎప్పుడెప్పుడు ఎలా మారింది, దానిలో పొగడ్త పాలెంత, నిజం పాలెంత అన్నది పరిశీలించదగిన విషయం.

అజ్ఞానకాలపు ప్రసంగాలు

అరబ్బీలో పిల్లనడగడానికి 'ఖిత్బా' అనీ, ప్రసంగానికి 'ఖుత్బా' అనీ పేర్లు. రెండూ ఒకే ధాతువు నుండి పుట్టినవి. ఇది కేవలం శబ్దసామ్యం కాదు. ఇస్లాంకు పూర్వం అరబ్బు తెగలలో వరుని పక్షాన ఒక పెద్దమనిషి లేచి తమ వంశగౌరవాన్నీ, పిల్లవాని యోగ్యతనూ వర్ణించి పిల్లనడిగేవాడు. పిల్ల తరఫు పెద్ద జవాబు చెప్పేవాడు. అడిగేవాడు విస్తరించి చెప్పాలి, జవాబిచ్చేవాడు ముక్తసరిగా చెప్పాలి అన్నది నికాహ్ ప్రసంగాల సంప్రదాయమని జాహిజ్ రాశాడు. బేరమాడే చోట ఎవరి మాట పొడుగ్గా ఉంటుందో మనకు తెలియనిది కాదు.

వీటిలో అందరికీ తెలిసినది అబూ తాలిబ్ ప్రసంగం. హజ్రత్ ఖదీజా (రజి)తో దైవప్రవక్త (స) వివాహ సందర్భంలో ఆయన పెదతండ్రి చేసినట్లు చెప్పే ఈ ప్రసంగం తరువాతి కాలపు సీరత్, సాహిత్య గ్రంథాలలోనే వివరంగా కనబడుతుంది. హదీసు సంకలనాల స్థాయి సనదు దీనికి లేదన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. అయినా ఆనాటి మాటతీరు తెలుసుకోవడానికి అది పనికివస్తుంది. ఇబ్రాహీం, ఇస్మాయీల్ (అ)ల సంతతిలో తమను పుట్టించినందుకు, పవిత్ర గృహానికి సంరక్షకులను చేసినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పి, తన తమ్ముని కొడుకుతో ఖురైషు యువకులెవ్వరూ సరితూగరని అబూ తాలిబ్ అంటాడు. ఇంతవరకు సాధారణమైన పొగడ్తే. ఆ వెంటనే వచ్చే మాట అసాధారణం. పిల్లవానికి ధనం తక్కువ అని ఆయన సభలో బాహాటంగా చెబుతాడు. ధనం తొలగిపోయే నీడ వంటిది గనుక అది లోపం కాదని సమర్థిస్తాడు. మెహర్ ఎంతో ప్రకటిస్తాడు. వధువు మక్కాలో పేరున్న వర్తకురాలు. అటువంటి ఇంటికి పిల్లనడగవచ్చి, వరుని కలిమిని గురించి దాచకుండా చెప్పడం గమనార్హం.

తల్లి నోట వచ్చిన ప్రసంగం కూడా ఒకటి ఆ కాలం నుండి మిగిలింది. ఉమామా బిన్త్ హారిస్ అనే స్త్రీ, కిందా రాజును పెళ్ళాడి వెళ్ళబోతున్న తన కూతురికి చెప్పిన పది హితవులను అరబ్బీ సాహిత్య సంకలనకర్తలు భద్రపరచారు. కార్డోవా నగరానికి చెందిన ఇబ్నె అబ్దె రబ్బిహీ (మరణం క్రీ.శ. 940) కూర్చిన 'అల్ ఇఖ్దుల్ ఫరీద్' వంటి గ్రంథాల ద్వారా ఇది నేటికీ మదర్సాలలో చదవబడుతున్నది. భర్త ఆకలి వేళ, నిద్ర వేళ కనిపెట్టి ఉండుమనీ, అతను దిగులుగా ఉన్నప్పుడు నీవు సంతోషం ప్రకటించకుమనీ ఆ తల్లి చెబుతుంది. నేటి చదువరికి ఇందులో కొంత ఏకపక్షంగా తోచవచ్చు. కాని అబ్బాయి వంశం ఎంత గొప్పదో, నీ అదృష్టం ఎంత పెద్దదో అన్న ఊదర ఒక్కటి కూడా ఆ మాటల్లో లేదు. కూతురు ఎరుగని ఇంటికి, ఎరుగని మనిషి దగ్గరకు పోతున్నదన్న సత్యంతోనే ఆమె మొదలుపెడుతుంది.

'రిఫా' నుండి 'బరకత్' వరకు

పిల్లనడిగే ప్రసంగం పెద్దలది. పెళ్ళి అయిన తరువాత వధూవరులకు అందరూ చెప్పే శుభాకాంక్ష వేరు. అజ్ఞానకాలపు అరబ్బులు కొత్త పెళ్ళికొడుకుతో 'బిర్రిఫాయి వల్ బనీన్' అనేవారు. పొందికతో, కొడుకులతో వర్ధిల్లమని దాని సారాంశం. 'రిఫా' అన్న మాటకు చిరిగిన బట్టను దారంతో కలిపి కుట్టే అర్థం మూలం. మన బజార్లలో రఫూ చేసేవాని చేతిలో ఉన్న మాట ఇదే. అరబ్బీ నుండి ఫార్సీకి, అక్కడినుండి ఉర్దూకు, ఉర్దూ నుండి మన తెలుగు వ్యవహారానికి నడిచి వచ్చింది. రెండు జీవితాలను దారం కనబడకుండా కలపడం అన్న ఊహలో అందం ఉన్నది. దోషం ఆ పదంలో కాదు, దాని పక్కన ఉన్న రెండో పదంలో ఉన్నది.

హజ్రత్ అలీ (రజి) అన్న హజ్రత్ అఖీల్ (రజి) జుషమ్ తెగకు చెందిన ఒక స్త్రీని వివాహమాడినప్పుడు జనం పాత అలవాటు చొప్పున ఆ మాటే అన్నారు. ఆయన వారిని వారించి, అలా అనవద్దు, దైవప్రవక్త (స) నేర్పిన విధంగా బరకత్ కోసం దుఆ చేయండి అన్నారు. నసాయీ, ఇబ్నె మాజాలలో ఈ ఉల్లేఖనం ఉన్నది. దీనిని చెప్పిన హసన్ బస్రీ (రహ్మ) అఖీల్ నుండి స్వయంగా విన్నారా లేదా అన్న విషయంలో ముహద్దిసులకు సందేహం లేకపోలేదు. కాని దీనికి తోడుగా అబూ హురైరా (రజి) ఉల్లేఖనం అబూ దావూద్, తిర్మిజీలలో ఉన్నది. ఎవరైనా పెళ్ళి చేసుకొన్నప్పుడు దైవప్రవక్త (స) అతనికి బరకత్ కోరేవారనీ, దంపతులిద్దరినీ మేలులో కలిపి ఉంచుమని అల్లాహ్‌ను వేడుకొనేవారనీ దాని సారం. ఇందులో ఒక విశేషం. 'పెళ్ళి శుభాకాంక్ష చెప్పడం' అన్న అర్థంలో ఆ ఉల్లేఖనంలో వాడిన క్రియ పాత 'రిఫా' ధాతువు నుండి వచ్చినదే! అంటే మాట మిగిలింది, సరుకు మారింది.

పాత ఆకాంక్ష ఎందుకు తగదన్నదానికి హాఫిజ్ ఇబ్నె హజర్ (మరణం హి. 852, క్రీ.శ. 1449) 'ఫత్హుల్ బారీ'లో విద్వాంసుల అభిప్రాయాలను పేర్కొన్నారు. అందులో దైవస్మరణ లేకపోవడం ఒక కారణం. కొడుకులను మాత్రమే పేర్కొనడంలో ఆడపిల్లల పట్ల ఏవగింపు ధ్వనించడం మరొకటి. కూతుళ్ళను పాతిపెట్టిన సమాజంలో పుట్టిన శుభాకాంక్ష అది. కొత్త దుఆలో కొడుకుల లెక్క లేదు, సంతానం ప్రసక్తే లేదు; ఉన్నది మేలు, దంపతుల కలయిక. మన ఊళ్ళలో ముస్లిం ఇళ్ళలోనైనా, ఇతరుల ఇళ్ళలోనైనా పెద్దల నోట ఇప్పటికీ కొడుకు మాటే ముందు వస్తుంది. పద్నాలుగు శతాబ్దాల క్రితం సరిచేయబడిన వాక్యాన్ని మనం మళ్ళీ చెడగొట్టుకొంటున్నాము.

సూటి మాట

ఇక నికాహ్ ఖుత్బా సంగతి. దైవప్రవక్త (స) తమకు నమాజులో చదివే తషహ్హుద్ నేర్పినట్లే, అవసర సందర్భాలలో చదివే ప్రసంగాన్ని కూడా నేర్పారని అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) చెప్పారు. దీనినే 'ఖుత్బతుల్ హాజా' అంటారు. నికాహ్‌లోనూ ఇతర సందర్భాలలోనూ దీనిని చదువుతారు. దైవస్తుతి, సహాయాభ్యర్థన, క్షమాభిక్ష, సాక్ష్యవచనం. ఆపైన మూడు చోట్లనుండి దివ్యఖుర్ఆన్ వాక్యాలు. ఒకటి నాలుగవ సూరా మొదటి ఆయతు: మానవులందరూ ఒకే ప్రాణి నుండి పుట్టారని, ఎవరి పేరు మీద ఒకరినొకరు కోరుకొంటారో ఆ దేవునికి భయపడాలని, రక్తసంబంధాలను గౌరవించాలని చెప్పేది. రెండవది మూడవ సూరా 102వ ఆయతు: భయపడవలసిన తీరున దేవునికి భయపడుమని, ముస్లిములుగానే మరణించుమని. మూడవది ముప్పయి మూడవ సూరా 70, 71 ఆయతులు: దేవునికి భయపడుమని, సూటి మాట మాట్లాడుమని, అలా చేస్తే ఆయన మీ పనులను చక్కదిద్దుతాడని.

ఈ వాక్యాలను సభలో వందలసార్లు విన్నవారు కూడా ఒక విషయం గమనించి ఉండకపోవచ్చు. ఇందులో పెళ్ళికొడుకు లేడు. వంశం లేదు, కలిమి లేదు. అబూ తాలిబ్ ప్రసంగంలో సగభాగం ఆక్రమించిన తెగగౌరవం ఇక్కడ ఒకే ప్రాణి నుండి పుట్టిన మానవజాతిగా మారిపోయింది. ఇస్లాం పాత అరబ్బు ప్రసంగాన్ని రద్దు చేయలేదు. దానిలోని పొగడ్తను తీసి, ఆ ఖాళీలో దైవభీతినీ సూటి మాటనూ కూర్చోబెట్టింది. ఉమర్ (రజి) ఆయాసపడిన చోటు ఇదే కదా!

ఆ 'సూటి మాట' అన్నదానికి అరబ్బీలో 'ఖౌలన్ సదీదా' అని ఉన్నది. అనువాదకునిగా నన్ను ఈ పదం చాలాసార్లు ఆపింది. 'సదీద్' ధాతువులో బాణాన్ని గురి తప్పకుండా నిలబెట్టే భావం ఉన్నది. 'సత్యమైన మాట' అంటే సగమే వస్తుంది. సత్యం చెప్పి కూడా వంకరగా చెప్పవచ్చు. 'మంచి మాట' అంటే అసలే చాలదు. మంచి మాటలతోనే పెళ్ళి సభలో ఎక్కువ మోసం జరుగుతుంది. 'తిన్నని మాట' అని నెల్లూరు వైపు పెద్దలొకరు సూచించారు. అందంగా ఉన్నది గాని నేటి యువకులకు తెలియదు. చివరకు 'సూటిగా, సరిగా ఉన్న మాట' అని రెండు పదాలు వేసి తృప్తిపడుతున్నాను.

ఈ ఖుత్బా నికాహ్‌కు షరతు కాదని అధికసంఖ్యాక ఫుఖహాల అభిప్రాయం. అది లేకుండా కూడా నికాహ్ చెల్లుతుందని సుఫ్యాన్ సౌరీ మొదలైనవారు చెప్పినట్లు తిర్మిజీ పేర్కొన్నారు. దావూద్ జాహిరీ మాత్రం వాజిబ్ అన్నారు. ఇనుప ఉంగరం కూడా దొరకని ఒక పేదవానికి, అతనికి వచ్చిన ఖుర్ఆన్ సూరాల మీద దైవప్రవక్త (స) వివాహం జరిపించిన ఉదంతంలో ఖుత్బా ప్రస్తావన లేదన్నది మొదటివారి ఆధారాలలో ఒకటి. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దుస్తుల మీద పచ్చని సుగంధపు మరక చూసి, పెళ్ళి చేసుకొన్నారని తెలిసినప్పుడు, దైవప్రవక్త (స) ఆయనకు చెప్పినది రెండే మాటలు: బరకత్ దుఆ ఒకటి, ఒక్క మేకతోనైనా వలీమా చేయుమన్న సలహా ఒకటి. విస్తరించి చెప్పడం సంప్రదాయమని జాహిజ్ రాసినది అరబ్బు వక్తల ఆచారం; ప్రవక్త (స) ఆచారం క్లుప్తత.

బిలాల్ (రజి) చేసిన ప్రసంగం

సూటి మాట పెళ్ళిచూపుల దగ్గర ఎలా ఉంటుందో తెలిపే ఉదంతం ఒకటి ఇబ్నె సఅద్ (మరణం హి. 230, క్రీ.శ. 845) 'తబఖాత్'లో ఉన్నది. నా దృష్టిలో నికాహ్ ప్రసంగాల చరిత్ర మొత్తంలో దీనికి సాటి లేదు.

హజ్రత్ బిలాల్ (రజి) సోదరుడు ఒక అరబ్బు స్త్రీని పెళ్ళాడదలచాడు. బిలాల్ వస్తే పిల్లనిస్తామని ఆమె వారన్నారు. బిలాల్ వెళ్ళారు. సాక్ష్యవచనం పలికి, తాను రబాహ్ కుమారుడు బిలాల్‌నని, ఇతడు తన సోదరుడని పరిచయం చేశారు. ఆ తరువాత, ఇతను నడవడిలోనూ ధర్మంలోనూ మంచివాడు కాడు, ఇష్టమైతే ఇవ్వండి, లేకుంటే మానండి అని ఆ సభలోనే చెప్పారు! పిల్లవాని తరఫున పిల్లనడగవచ్చిన స్వంత అన్న. ఎదుటివారు ఏమన్నారు? నీవు ఎవరికి అన్నవో వారికి మేము పిల్లనిస్తాము అన్నారు, ఇచ్చారు.

దీనికి తోడుగా మరొక ఉల్లేఖనం కూడా అదే గ్రంథంలో ఉన్నది. బిలాల్, ఆయన సోదరుడు యమన్ వారి ఒక ఇంటికి పిల్లనడగడానికి వెళ్ళి, తాము హబషా దేశపు ఇద్దరు బానిసలమనీ, దారి తప్పి ఉంటే అల్లాహ్ దారి చూపాడనీ, బానిసలుగా ఉంటే విముక్తి కలిగించాడనీ, పిల్లనిస్తే దేవునికి స్తుతి, కాదంటే దేవుడు గొప్పవాడు అనీ చెప్పారు. వంశగౌరవాల మీద నడిచే సమాజంలో, తమకు వంశం లేదన్న మాటనే పరిచయవాక్యంగా నిలబెట్టిన తీరు ఇది. అబూ తాలిబ్ ధనలేమిని దాచలేదు. బిలాల్ (రజి) బానిసత్వాన్ని దాచలేదు.

మొదటి ఉదంతంలో ఒక లోటున్నది. ఆ అమ్మాయి ఏమనుకొన్నదో ఉల్లేఖకుడు చెప్పలేదు. తన కాబోయే భర్త నడవడి గురించి ఆ మాట ఆమె చెవిన పడిందా, పడితే ఆమె ఏమన్నది? చరిత్రలో ఆ భాగం ఖాళీగా ఉన్నది. బిలాల్ మాట మీద నమ్మకంతో పెద్దలు తీసుకొన్న నిర్ణయం ఆమెకు మేలు చేసిందో లేదో మనకు తెలిసే వీలు లేదు.

ఆడపిల్లకే నేరుగా సూటి మాట చెప్పిన సందర్భం కావాలంటే ఫాతిమా బిన్త్ ఖైస్ (రజి) ఉదంతం చూడాలి. తలాఖ్ తరువాత ఇద్దత్ ముగిశాక ముఆవియా, అబూ జహమ్ ఇద్దరూ ఆమెను పెళ్ళికి అడిగారు. ఆమె దైవప్రవక్త (స) సలహా కోరగా, అబూ జహమ్ భుజం మీదనుండి కర్ర దించడని, ముఆవియా దగ్గర డబ్బు లేదని చెప్పి, ఉసామాను చేసుకోమన్నారు. ఇది సహీహ్ ముస్లింలో ఉన్నది. దీనిని ఆధారం చేసుకొనే ఇమాం నవవీ, వెనుక చెడు చెప్పడం అనుమతించబడిన సందర్భాలలో పెళ్ళి సంబంధం గురించిన సలహాను చేర్చారు. మన ఊళ్ళలో దీనికి పూర్తిగా విరుద్ధమైన నీతి ఒకటి చెలామణీలో ఉన్నది. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమంటారు. ఆ వంద అబద్ధాల బరువు ఎవరి మెడ మీద పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పొగడ్తకు అసలు తావే లేదా? ఉన్నది, హద్దులున్నవి. ఒకరు మరొకరిని ఎదుటనే పొగిడినప్పుడు దైవప్రవక్త (స) నీ మిత్రుని మెడ నరికావని మందలించి, పొగడక తప్పకపోతే, నేను అతన్ని ఇలాంటివాడని అనుకొంటున్నాను, అతని లెక్క చూసేది అల్లాహ్ అని చెప్పుమన్నారు. తాను చూసినది చెప్పడం, చూడనిదాన్ని దేవునికి వదలడం - ఇదీ పద్ధతి. పెళ్ళిలో ఆనందానికీ ఆయన అడ్డు చెప్పలేదు. రుబయ్యి బిన్త్ ముఅవ్విజ్ (రజి) పెళ్ళి మరునాడు బాలికలు దఫ్ వాయిస్తూ బద్ర్‌లో అమరులైన తమ పెద్దల గురించి పాడుతుండగా ఆయన వచ్చి కూర్చున్నారు. ఒక బాలిక, రేపు జరిగేది ఎరిగిన ప్రవక్త మనలో ఉన్నాడని పాడింది. ఈ మాట విడిచిపెట్టు, ముందు పాడుతున్నదే పాడు అన్నారు. పాట ఆపించలేదు, అందులోని అబద్ధపు చరణం ఒక్కటే తీయించారు. బుఖారీలోని ఈ ఉల్లేఖనాన్ని సంగీతం మీది చర్చలోనే తరచు ఉదహరిస్తారు గాని, పెళ్ళినాటి పొగడ్త విషయంలోనూ ఇది గట్టి ఆధారం.

దర్బారులలో పెళ్ళి, దిల్లీ సెహ్రా

ఆ తరువాతి శతాబ్దాలలో పెళ్ళి ఖలీఫాల, సుల్తానుల వైభవ ప్రదర్శనగా మారింది. హి. 210 (క్రీ.శ. 825)లో ఖలీఫా మామూన్, బూరాన్‌ల వివాహంలో ఆమె తండ్రి హసన్ బిన్ సహల్, ఎస్టేట్ల పేర్లు రాసిన చీటీలను కస్తూరి ఉండలలో పెట్టి అతిథుల మీద చల్లించాడు. అటువంటి చోట ఖుత్బా అలాగే ఉన్నా, చెవులు దాని మీద ఉండవు. పొగడ్త ఖుత్బాలో చోటు దొరకక కవిత్వంలోకి వెళ్ళింది. మన దేశంలో దాని పేరు సెహ్రా.

సెహ్రా అంటే నిజానికి పెళ్ళికొడుకు తలపాగా నుండి ముఖం మీదికి వేలాడే పూలసరాలు. ఇది అరబ్బు ఆచారం కాదు, హిందూస్థానీ ఆచారం. దాని పేరే పెళ్ళిలో చదివే కవితకు కూడా స్థిరపడింది. ఉర్దూ సాహిత్యంలో అన్నిటికంటే ప్రసిద్ధమైన సెహ్రా 1852 ఏప్రిల్‌లో దిల్లీ ఎర్రకోటలో పుట్టింది. చివరి మొగల్ పాదుషా బహాదుర్ షా జఫర్, జీనత్ మహల్‌ల కుమారుడు మీర్జా జవాన్ బఖ్త్ పెళ్ళి. వరుడు సుమారు పదకొండేళ్ళ బాలుడు. గాలిబ్ సెహ్రా రాశారు. చివరి షేర్‌లో, ఇంతకంటే మంచి సెహ్రా ఎవరైనా చెబితే చూద్దామన్న ధోరణి ఉన్నది. పాదుషాకు కవిత్వగురువు జౌఖ్. ఆ మాట తన గురువుకు తగిలించిన చురక అని పాదుషా భావించాడు. జౌఖ్‌తో అదే ఛందస్సులో జవాబు సెహ్రా రాయించారు. గాయకుల నోట అది నగరమంతా పాకింది. గాలిబ్ ఒక ఖితా రాసి, పాదుషా గురువుతో పోటీపడే ఉద్దేశం తనకు లేదని, తన వంశవృత్తి కత్తి పట్టడమే గాని కవిత్వం కాదని విన్నవించుకోవలసి వచ్చింది.

ఈ కథ మనకు ఎక్కువగా చేరినది ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో ప్రచురించిన 'ఆబె హయాత్' ద్వారా. ఆజాద్ జౌఖ్‌కు శిష్యుడు గనుక గెలుపు ఎవరిదన్న తీర్పులో ఆయన మాటను కొంత జాగ్రత్తగా తీసుకోవాలి. సాహిత్య విమర్శకులు ఈ రెండు సెహ్రాలలో ఏది మిన్న అని నేటికీ వాదించుకొంటారు. నాకు మాత్రం మరొకటి తోస్తుంది. రెండింటిలోనూ ముత్యాలున్నవి, పూలున్నవి, ముఖకాంతి ఉన్నది. పెళ్ళికూతురు పేరు ఎవరికైనా గుర్తున్నదా? పదకొండేళ్ళ వరుని గురించి నిజంగా చెప్పదగిన మాట ఏదైనా ఉన్నదా? ఇద్దరు మహాకవులు ఒక పెళ్ళిలో మాట్లాడారు, తమ గురించి మాట్లాడుకొన్నారు. అయిదేళ్ళకే 1857 వచ్చింది. జవాన్ బఖ్త్ తల్లిదండ్రులతో పాటు రంగూన్ ప్రవాసానికి వెళ్ళాడు, 1884లో బర్మాలోనే కన్నుమూశాడు. ఆ పెళ్ళిలో మిగిలింది కవుల తగాదా ఒక్కటే.

మన సభలు

హైదరాబాదులోనూ తెలంగాణ పట్టణాలలోనూ సెహ్రాను రంగుకాగితం మీద అచ్చు వేయించి, సభలో చదివించి, పంచిపెట్టే ఆచారం చాలాకాలం నడిచింది. కూతుర్ని సాగనంపేటప్పుడు 'రుఖ్సతీ' కవిత చదివేవారు. ఆ కాగితాలలో కొన్ని కంటతడి పెట్టించేవి, చాలావరకు పేర్లు మార్చి మళ్ళీ అచ్చు వేసినవి. దీన్ని నేను తప్పు పట్టను. చెప్పడానికి మాట లేనివానికి అరువు మాట కూడా ఆదరువే.

కాని కోస్తా జిల్లాలలో, రాయలసీమ పల్లెలలో పరిస్థితి వేరు. అక్కడ ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నవి. నూర్‌బాషా సోదరుల సంగతి చెప్పనే అక్కరలేదు. వారి నికాహ్ సభలో ఖాజీగారు అరబ్బీ ఖుత్బా చదువుతారు. ఆమీన్ వినబడుతుంది, అర్థం వినబడదు. ఎక్కడైనా ఉర్దూ సెహ్రా ఉంటే అదీ సగమే తెలుస్తుంది. ఆ తరువాత మైకు ఎవరి చేతికైనా వస్తే, తెలుగులో వినబడే మొదటి మాట అబ్బాయి ఉద్యోగం, జీతం, అమ్మాయివారు చేసిన మర్యాదలు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అయినా 'మర్యాద' అన్న మాట చాటున ఏమి పుచ్చుకొన్నారో సభలో అందరికీ అర్థమవుతుంది. వధువు హక్కయిన మెహర్ అంకె మాత్రం ఖాజీగారి పెదవుల దగ్గరే ఆగిపోతుంది. అబూ తాలిబ్ సభలో మెహర్ గట్టిగా చెప్పారు, ధనలేమి గట్టిగా చెప్పారు. మన సభలలో ధనం గట్టిగా చెబుతాము, మెహర్ మెల్లగా చెబుతాము.

తెలుగులో చెప్పడానికి షరీఅత్ అభ్యంతరం ఏమైనా ఉన్నదా అని అడిగేవారున్నారు. జుమా ఖుత్బా భాష గురించి మజ్హబుల మధ్య చర్చ ఉన్నది, అది వేరు. నికాహ్ ఖుత్బా షరతే కాదు గనుక, అరబ్బీ పాఠాన్ని యథాతథంగా ఉంచి దాని భావం తెలుగులో చెప్పడానికి ఏ అడ్డూ లేదు. ఖుర్ఆన్‌కు తెలుగు అనువాదాలు ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధం నుండే ఉన్నవి. చిలుకూరి నారాయణరావు వంటి ముస్లిమేతర పండితుడు ఆ పనికి పూనుకొన్నప్పుడు, మన పెళ్ళిపందిట్లో నాలుగు ఆయతుల భావం తెలుగులో చెప్పుకోవడానికి మనకేమి మొగమాటం?

తమ ఇంటి నికాహ్‌లో చదవడానికి తెలుగులో ఏదైనా రాసిపెట్టమని అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు. నేను రాసి ఇచ్చేది ఒక పేజీకి మించదు. ముందు ఆ నాలుగు ఆయతుల భావం. తరువాత వరుని పేరు, తండ్రి పేరు, అతన్ని ఎరిగినవారు ఎవరైనా ఉంటే వారు స్వయంగా చూసిన ఒక్క సంగతి - జబ్బుపడిన తల్లికి చాకిరీ చేశాడనో, దుకాణంలో తూకం సరిగా వేస్తాడనో - దానికి ముందు 'నేను ఎరిగినంతలో' అన్న మాట తప్పనిసరి. వధువు పేరు కూడా తండ్రి పేరుతో సహా, సభకు వినబడేలా. ఆమె అంగీకారం ఎవరి ఎదుట తీసుకొన్నదీ. దుఆ అరబ్బీలోనే ఉంచి, కింద తెలుగు భావం. దుఆ మూలంలో 'నీకు', 'నీ మీద' అని రెండు రకాల బరకత్ ఉన్నది. కొందరు విద్వాంసులు కలిమిలో ఒకటి, కష్టంలో మరొకటి అని వివరించారు. నేను ఆ వివరణ జోలికి పోకుండా రెండు మాటలనూ అలాగే వేస్తాను. అబ్బాయి డిగ్రీలు కూడా చేర్చమని పెద్దలు పట్టుబడితే శుభలేఖలో ఎలాగూ ఉన్నవి కదా అంటాను. మెహర్ మొత్తాన్ని అంకెలలోనూ అక్షరాలలోనూ రెండు విధాలా రాస్తాను, చదివేవారు తడబడకుండా.